బరాత్‌కెక్కిన ఏడ్పు

నాలుగో రోజు పొద్దున కూడా కొండవ్వ చాయ్ ముట్టలేదు.

గ్లాసులో చాయ్ చల్లారి పైన మీగడ కట్టింది. మీగడ మీద ఈగ వాలింది. మామూలు రోజయితే కొండవ్వ ఆ ఈగతో మొదలుపెట్టి, చాయ్ పెట్టిన కోడలినీ, పాలు పోసినవాడినీ, పాలిచ్చిన బర్రెనూ వరసగా కడిగేసేది. ఇప్పుడు నోరు విప్పలేదు. వెనక గదిలో గోడకు వీపు ఆనించి, బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, కత్తెర ముట్టకుండా, ఆకు ముట్టకుండా కూర్చుంది.

"నాయినమ్మా, ఒక్క గుక్క తాగవే," అంది లాస్య, పక్కన గొంతుక్కూర్చుని.

కొండవ్వ చూడలేదు. కోపంతో మొహం తిప్పుకుంటే లాస్య బతిమాలి ఉండేది, గడ్డం పట్టుకుని ఇటు తిప్పి ఉండేది. ఇది అలాంటిది కాదు. అక్కడ మనవరాలన్న మనిషే లేనట్టు ముసలామె చూపు ఎదుటి గోడ మీదే ఉంది. పదహారేళ్ళ పిల్లకు దీనికంటే చెంపదెబ్బ నయమనిపించింది.

"అమ్మా, నేనేం జేసిన్నే? పాట పాడిన. గంతే గదా?"

వంటింట్లో రొట్టె చేస్తున్న శైలజ చెయ్యి ఆగింది. "మెల్లగ మాట్లాడు. మీ బాపు లేసిండు," అని మాత్రం అంది.

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఏది అడిగినా అదే జవాబు.

ఆదివారం నాడు జరిగిందంతా లాస్య కళ్ళ ముందే ఉంది. వాళ్ళ సొంతూరు చిన్నకోడూరులో, దాయాదులైన పాలోళ్ళ ఇంట్లో పెళ్ళి. టెంట్లు, కుర్చీలు, డీజే బాక్సులు అన్నీ రమేశ్‌వే. సిద్దిపేటలో ముస్తాబాద్ చౌరస్తా దగ్గర అతనికి టెంట్ హౌస్ ఉంది. అప్పగింతల వేళకు ఆ బాక్సుల్లోంచి అతని కూతురి గొంతే వచ్చింది.

పొద్దు వాలకముందె లేస్తివా నా బిడ్డో
పొయ్యి మీద బువ్వ పొంగకముందె పోతివా నా బిడ్డో
అన్న తలుపేసెనే, గొళ్ళెమూ పెట్టెనే
అయినా నువ్వాగకపోతివా నా బిడ్డో

రెండు నెలలుగా ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళిలో చూసినా అదే పాట; ఇల్లు కదలని కొండవ్వ మాత్రం అప్పుడే మొదటిసారి విన్నది. పెళ్ళికూతురి తల్లి ఏడ్చింది, పెళ్ళికూతురు ఏడ్చింది, వీడియో తీసేవాడు కూడా ముక్కు చీదుకున్నాడు. తన పాటకు అంతమంది ఏడుస్తుంటే లాస్యకు ఎంత సంతోషమో! అందరూ తన వైపే చూస్తుంటే తల వంచుకుంది గానీ, ఆ వంచడంలోనూ కాస్త గర్వం ఉంది. పెళ్ళికూతురు కారెక్కగానే ఆపరేటర్ అదే పాటకు డప్పుల మోత కలిపింది పెట్టాడు. బరాత్ ఊరేగింపు కదిలింది, కుర్రాళ్ళు కారు ముందు చిందులు మొదలుపెట్టారు.

అప్పుడు కొండవ్వ కుర్చీలోంచి లేచింది. ఆడేవాళ్ళ మధ్యలోంచి నడిచిపోయి బాక్సుల ముందు రోడ్డు మీద కూలబడింది. రెండు అరచేతులూ బాక్సు ముందున్న ఇనుప జాలీకి అడ్డం పెట్టి, ఆ నోరు మూయాలని చూసింది. దవాఖానలో బీపీ చూశారు, షుగర్ చూశారు, తల స్కాన్ తీశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. మాట మాత్రం రాలేదు.

ఆ పాట లాస్యకు ఎవరూ నేర్పలేదు. అది ఆ పిల్లతో పాటే పెరిగింది. పాలు తాగే వయసులో కొండవ్వ ఒళ్ళో పడుకుంటే చెవి పక్కన కత్తెర కరకరమంటూ తునికాకు కోసేది. ఆ దరువుకు కొండవ్వ పెదవులు మూసుకునే రాగం తీసేది. నాలుగు ఆకులు కోసి ఒక గుక్క, మళ్ళీ నాలుగు ఆకులు. లాస్యకు నిద్ర పట్టాలన్నా అదే రాగం, జ్వరం దిగాలన్నా అదే రాగం. ఏడో తరగతిలో పెద్దమనిషి అయినప్పుడు, మూలకు కూర్చోబెడితే భయమేసి ఏడుస్తుంటే, కొండవ్వ చాట తెచ్చుకుని ఎదురుగా కూర్చుని రాగం తీసింది. తొమ్మిదిలో లెక్కల సారు అందరి ముందూ ఎగతాళి చేసిన రోజు, లాస్య స్కూలు వెనక గోడ దగ్గర నిలబడి ఆ రాగమే తీసుకుంది. గొంతు ఎక్కడ పట్టుకుంటుందో చూసుకుంటే తనకు ఎంత కోపం వచ్చిందో తనకు తెలిసేది. స్నేహితురాళ్ళు మనసులో మాటలు డైరీల్లో రాసుకునేవారు. లాస్యకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

మాటలు మాత్రం ఏడాదికి ఒక్కసారే. పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు, పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చి వచ్చాక, కొండవ్వ జుట్టు విప్పుకుని పెరట్లో గోడ వైపు తిరిగి కూర్చుని ఆ రాగానికి మాటలు కలిపేది. అప్పుడు అటు ఎవరూ పోకూడదు. కిందటేడు లాస్య పోయింది. తలుపు చాటున నిలబడి ఫోనులో ఎక్కించుకుంది. సగంలో ఉండగానే శైలజ వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ఆ సగంలో ఇల్లు విడిచిపోయే బిడ్డ ఉంది, పోనివ్వని అన్న ఉన్నాడు, గడపలో ఏడ్చే తల్లి ఉంది. ఇంకేముంది, అప్పగింత పాటే అనుకుంది లాస్య. అనుకోదు మరి? టెంట్ హౌస్ వాళ్ళ పిల్ల, ఊహ తెలిసినప్పటి నుంచి పెళ్ళిళ్ళలోనే తిరిగింది. చావు ఇళ్ళకు వాళ్ళ టెంట్లు పోయేవి గానీ, పిల్లను ఎవరూ తీసుకుపోలేదు. ఆ సగాన్నే గజేందర్ స్టూడియోలో పాడింది; అతను దాన్ని నెట్‌లో పెట్టాడు.

రమేశ్ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఫోను పట్టుకుని వెనక గదిలోకి వచ్చాడు. బిడ్డ ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. రమేశ్ కోపం వస్తే అరవడు. అరిస్తే ఆ ఇంట్లో అందరికీ ప్రాణం కుదుటపడేది.

"నీ పాట కింద మస్తుమంది రాసిన్రు. సదువు."

"సదివిన బాపూ."

"రాత్రి ఒకడు కొత్తగ రాసిండు. గది సదువు. గట్టిగ సదువు. నీకు మంచి గొంతున్నది గదా."

లాస్య ఫోను అందుకుంది. "ఇది అప్పగింత పాట కాదు," అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"ఆగుతవేంది?"

"ఇది అప్పగింత పాట కాదు. మా ఊరి కొండవ్వ, తన బిడ్డ స్వరాజ్యం సచ్చిన్నాడు ఏడ్సిన ఏడ్పు. గొళ్ళెం పెట్టిన అన్న ఇయ్యాల డీజే బాక్సులు కిరాయికిస్తుండు. ఆయన బిడ్డ మేనత్త సావును బరాత్‌ల ఆడిస్తున్నది."

"కింద ఎంతమంది మెచ్చుకున్నరో గది గూడ సదువు."

"నాలుగు వందల పన్నెండు."

"శాబాష్."

ఎదుటి గోడ మీద స్వరాజ్యం ఫోటో ఉంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, రెండు జడలు, నవ్వీ నవ్వని మొహం. తను పుట్టకముందే మేనత్త జ్వరంతో పోయిందని తప్ప లాస్యకు ఇంకేమీ తెలియదు. కొండవ్వ నాలుగు రోజులుగా చూస్తున్నది గోడను కాదని అప్పుడు తెలిసింది.

"అత్త జరమొచ్చి పోయిందన్నరు గదా?"

"జరమొచ్చే పోయింది," అన్నాడు రమేశ్. "స్టూడియో కాయితం మీద సంతకం ఎవలు పెట్టిన్రు?"

లాస్య నేల చూపులు చూసింది.

"నేనే పెట్టిన," అంటూ శైలజ గుమ్మంలోకి వచ్చింది. చేతుల నిండా పిండి.

"నాకు చెప్పకుంట."

"చెప్తే పోనిచ్చెటోనివా?"

"గది వేరే ముచ్చట. నువ్వీ ఇంటికొచ్చి ఇరవై ఏండ్లాయె శైలజా. ప్రతి పెత్రమాసకు ఇంటనే ఉన్నవ్. గది పాటనో ఏడ్పో నీకు తెల్వదా?"

శైలజ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"తెలుసు."

లాస్య తల ఎత్తింది. తండ్రి తిట్టినా కొట్టినా ఓర్చుకోవడానికి పొద్దుటి నుంచి మనసు గట్టి చేసుకుంటూనే ఉంది. ఈ దెబ్బ తల్లి వైపు నుంచి వస్తుందని మాత్రం ఆ పిల్ల అనుకోలేదు.

"తెలిసి నన్ను తోల్కపోయినవా అమ్మా?"

"సచ్చిపోయినామె ఏడ్పుతోని బతికున్న పిల్లకు ఒక తొవ్వ దొరుకుతదంటె, ఎందుకు ఆపాలె అనుకున్న."

"నాకొక్క మాట చెప్పకపోతివి!"

"చెప్తే పాడుతుంటివా?"

 వంటింట్లో పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

"గొళ్ళెం ఏంది?" అంది లాస్య కడకు.

శైలజ మొగుడి వైపు చూసింది. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

రమేశ్ గడియారం చూసుకున్నాడు.

"మీ అత్తది గూడ నీ గొంతే," అంది శైలజ. "పాటల బృందమోళ్ళు కరీంనగర్ల ప్రోగ్రామున్నది రమ్మన్నరు. మీ బాపు వద్దన్నడు. పోతనన్నది. మగ్గం అర్రల ఏసి బయటికెళ్ళి గొళ్ళెం పెట్టిండు. రెండో దినం తలకాయ పలుగుతున్నది, తలుపు తియ్యే అన్నా, అని మొత్తుకున్నదట. నాటకం ఆడుతున్నదనుకున్నరు. మూడో దినం సప్పుడు లేదు."

"ఇగ చాలు."

"జరం తలకెక్కింది. దవాఖానకు తీస్కపోతుంటె తొవ్వలనే పోయింది."

"చాలన్న గదా," అన్నాడు రమేశ్, ఇంకా మెల్లగా.

 లాస్యను నిద్రపుచ్చింది చచ్చిన పిల్ల మీది ఏడ్పు. జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద చెయ్యి వేసి పాడింది జ్వరంతో చచ్చినదాని ఏడ్పు. తను ధైర్యం తెచ్చుకున్నదీ, తనకంటూ ఒకటి ఉందని మురిసిపోయిందీ దాన్ని చూసుకునే. దాన్నే తీసుకుపోయి కారు ముందు గెంతేవాళ్ళకు ఇచ్చింది.

"నన్ను ఏడ్పుతోని పెంచినవా నాయినమ్మా?" అంది. ముసలామె చాటలో ఎండిపోయిన ఆకులు కదల్లేదు.

ఆ వైపు ఊళ్ళలో చావు ఇంట్లో ఆడవాళ్ళు ఏడ్పు ఎత్తుకుంటే అందులో ఎవరినేమైనా అనొచ్చు. మామను తిట్టొచ్చు, మొగుణ్ణి నిలదీయొచ్చు. ఎవరూ మారుమాట అనకూడదు, మధ్యలో ఆపకూడదు. జవాబు చెప్పాలంటే ఇంకొక ఆడది జుట్టు విప్పుకుని ఎదురుగా కూర్చుని అదే రాగంలో చెప్పాలి. అప్పుడే మొదటామె ఆగుతుంది. మగవాడు ఎంత మొనగాడైనా అందులో వేలు పెట్టడు. కొండవ్వ ఇరవై రెండేళ్ళుగా కొడుకు పెట్టిన కూడు తింటూ, అతన్ని ఒక్క మాట అనలేదు. ఏడాదికొక్కరోజు గోడకు చెప్పుకుంది. గోడకు చెప్పుకున్న మాటను లాస్య ఊరందరి చెవిలో వేసింది.

పదకొండింటికి స్టూడియో గజేందర్ వచ్చాడు. ఒక చేతిలో శాలువా, ఇంకో చేతిలో అద్దాల షీల్డు. మనిషి ఎప్పుడు రాకూడదో అప్పుడే వచ్చాడు, అదీ నవ్వుకుంటూ.

"ముప్పై లక్షల మంది చూసిన్రు అన్నా! బిడ్డెకు సన్మానం చేద్దామని వచ్చిన."

"కూసో," అన్నాడు రమేశ్. "చాయ్ తాగుతవా?"

"తాగుత. రాత్రి ఒకడు రాసింది చూసిన్రా? నిజంగ ఏడ్పేనటగా?"

"నిజమే."

గజేందర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నాకు ముందుగాల చెప్తే అయిపోవు గదా! మస్తుమంది అడుగుతున్నరు. అవ్వను గీడనే, గా ఫోటో కింద కూసోబెట్టి తీద్దాం. మిగిలిన సగం ఆమె నోట్లకెళ్ళి వస్తె ఇంక చూస్కో. అవ్వా, పాడుతవా?"

అని లేచి, శాలువా విప్పి కొండవ్వ భుజాల మీద కప్పాడు. షీల్డు బీడీల చాట పక్కన పెట్టాడు. శాలువా ఒక భుజం మీది నుంచి జారింది. ముసలామె దాన్ని పైకి అనుకోలేదు, తీసి పడేయనూ లేదు.

"పాట తీసెయ్ గజేందర్," అన్నాడు రమేశ్.

"తీసేస్తె ఏమైతది అన్నా? వందమంది వందచోట్ల ఎక్కించుకున్నరు. రేపు కోహెడల పెండ్లికి మీ బాక్సులే పోతున్నయట గదా. గాడ గూడ గదే అడిగిన్రట."

రమేశ్ అతన్ని చాయ్ తాగేదాకా కూర్చోబెట్టి, గేటు దాకా పోయి సాగనంపి వచ్చాడు. వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఇటు రా లాస్యా."

లాస్య లేచి నిలబడింది.

"మీ నాయినమ్మ తల మీద చెయ్యి పెట్టు. పెట్టి, ఇగ జన్మల పాడ, పాడితె నాయినమ్మ పానం మీద ఒట్టు అను."

"గదేం మాటయ్యా!" అంది శైలజ.

"నువ్వు ఊకో. నీ సంతకం అయిపోయింది."

"బాపూ, పాట తీసేపిస్త. నేను తప్పు చేసిన అని అందరికి చెప్త. గీ ఒట్టు ఒద్దు."

"తప్పు పాటది గాదు. నీ గొంతుది. ఒక్కసారి చూసిన నేను. మల్ల చూడ." ఆ ఒక్క మాట దగ్గర మాత్రం రమేశ్ గొంతు కొంచెం వణికింది. వణికినందుకు అతనికి ఇంకా కోపం వచ్చింది. "పెట్టు చెయ్యి."

లాస్య నాయినమ్మ వైపు చూసింది. ఒద్దని తల ఊపుతుందేమో, కనీసం తల పక్కకు తీసుకుంటుందేమో అని చూసింది. ఆ చెయ్యి పట్టుకుని తోసేస్తే చాలు. తిడితే ఇంకా మేలు. కొండవ్వ కదల్లేదు. తెల్లజుట్టు పలచబడి నడిమి పాపిట కనిపిస్తోంది. శనివారం శనివారం నూనె పెట్టేది లాస్యే. అరచెయ్యి కింద ఆ నెత్తి వెచ్చగా ఉంది.

"ఇగ పాడ," అంది.

"మొత్తం అను."

"పాడితె... నాయినమ్మ పానం మీద ఒట్టు."

"పో. మొఖం కడుక్కొని అన్నం తిను."

అక్కడితో ఊరుకుంటే ఆ రోజు గడిచిపోయేది. ఏడ్చుకుంటూ అన్నం తినేది, మర్నాడు కాలేజీకి పోయేది, ఇరవై ఏళ్ళు పోయాక తన పిల్లలకు ఒకప్పుడు పాడేదాన్నని చెప్పేది. లాస్య కదల్లేదు. ఆ పిల్లకు ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు, అందుకని భయం కూడా మిగల్లేదు.

"నేను ఒట్టేసిన. ఇగ నువ్వొక్క మాట చెప్పు బాపూ. అత్త తలుపు తియ్యమని మొత్తుకున్నప్పుడు నీకు ఇనబడ్డదా?"

శైలజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రమేశ్ కూతురి రెక్క పట్టుకున్నాడు. వెనక గదికి ఆనుకుని షామియానా గుడ్డలు పెట్టే చిన్న గది ఉంది. అందులోకి తోసి తలుపు వేశాడు. బయటి గొళ్ళెం ఇనుపది. అది పడిన చప్పుడు ఇల్లంతా వినపడింది.

"ఏమయ్యా! మల్లనా?" శైలజ అతని చెయ్యి పట్టుకుంది.

"రెండు దినాలుంటె బుద్ధొస్తది. జరుగు."

"నీకు పుణ్యముంటది, తియ్యి. నా పిల్లనయ్యా!"

"నా చెల్లె గాదా గామె? జరుగు అన్న." విడిపించుకుని, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

లోపల లాస్య షామియానా మూటల మీద కూర్చుంది. దుమ్మూ, వాడిన బంతిపూల వాసనా కలిసి కమ్ముకున్నాయి. తలుపు కొట్టలేదు. కొట్టినామె ఏమైందో పొద్దున్నే విన్నది.

కాసేపటికి బయట ఏదో నేల మీద పడింది. బీడీల చాట అది. ఆకులూ, కత్తెరా, గజేందర్ షీల్డూ చెల్లాచెదురైన చప్పుడు. ఎవరో నేల మీద డేకుతూ వచ్చి తలుపు పక్కనే కూర్చున్నారు.

ఆ తరువాత రాగం లేచింది.

లాస్య పుట్టినప్పటి నుంచి విన్న రాగమే. మూసిన పెదవుల్లోంచి వచ్చేటప్పుడు మెత్తగా ఉండేది. నోరు తెరిస్తే అది ఇంత పదునుగా ఉంటుందని ఆ పిల్లకు తెలియదు.

పదారేండ్లకె లేస్తివా నా లాసమ్మో
పండుకోబెట్టిన ఒడి మరిస్తివా నా లాసమ్మో

ఒక్క నిమిషం లాస్యకు అర్థం కాలేదు.  స్వరాజ్యం పేరు ఉండాల్సిన చోట తన పేరు ఉంది. నాయినమ్మ తన మీద ఏడుస్తోంది. బతికున్న పిల్ల మీద శవం మీద ఏడ్చినట్టు ఏడుస్తోంది.

"అవ్వా!" అన్నాడు రమేశ్ బయట. నాలుగు రోజుల్లో మొదటిసారి అతను అరిచాడు. "బతికున్నదాని మీద ఏడ్పు పెడుతవా! పిల్ల ఆయుష్షు పోతది, బంద్ చెయ్యి!"

కొండవ్వ ఆపలేదు.

అన్న తలుపేసెనాడు, అయ్య తలుపేసె నేడు నా లాసమ్మో
పెట్టిన చెయ్యి వానిదె నా లాసమ్మో
తియ్యకపోయిన చెయ్యి నాదె నా లాసమ్మో

కిందటేడు వినకుండా పోయిన సగం ఇదే. లాస్య తలుపుకు చెవి ఆనించింది. ఇన్నేళ్ళూ ఆమె గోడకు చెప్పుకున్నది కొడుకు మీది చాడీ కాదు. ఆ మూడు రోజులూ కొండవ్వ అదే ఇంట్లో ఉంది, ఆ కేకలు విన్నది, కొడుకు మాట కాదని చెయ్యెత్తి గొళ్ళెం తీయలేదు. ఇప్పుడు మళ్ళీ గొళ్ళెం ఆమె తలకు పైనే, చేతికందేంత దూరంలో ఉంది. ఇప్పుడూ చెయ్యెత్తలేదు. నాయినమ్మ మీద లాస్యకు అంత జాలీ, అంత అసహ్యమూ ఒక్కసారే పుట్టాయి.

ఏడ్పు వినపడితే ఎవరి పని వాళ్ళు చేసుకునే వీధి కాదది. ముందు మేడ మీద కిరాయికుండే ప్రమీలాదేవి టీచర్ దిగి వచ్చింది. ఆమె వెనక గేటు తీసుకుని పదిమంది దాకా వచ్చారు.

"అయ్యో, ఎవలు పోయిన్రు రమేశ్?"

"ఎవ్వలు పోలే టీచరమ్మా. అవ్వకు మతి తప్పింది."

"లాస్య పేరు పెట్టి ఏడుస్తుంది గదయ్యా! పిల్లేది?"

"ఉన్నది."

"ఏడ?"

రమేశ్ తన వెనక ఉన్న తలుపును దాచలేకపోయాడు. అందరి కళ్ళూ గొళ్ళెం మీద పడ్డాయి.  వెనక నిలబడ్డ ఒకామె ముక్కున వేలేసుకుని, పక్కామె చెవిలో చిన్నకోడూరు పేరు ఎత్తింది.

"తియ్యి రమేశ్," అంది ప్రమీలాదేవి.

తీయక తప్పలేదు. తలుపు తెరుచుకోగానే వెలుతురు కళ్ళలో కొట్టింది. గడప పక్కన కొండవ్వ జుట్టు విప్పుకుని కూర్చుని ఉంది. ఒక భుజానికి గజేందర్ శాలువా ఇంకా వేలాడుతోంది. ఆమె తల తిప్పి, నాలుగు రోజుల తరువాత, మనవరాలి మొహంలోకి సూటిగా చూసింది.

లాస్యకు ఒక్కసారి ప్రాణం లేచి వచ్చింది. "నాయినమ్మా," అంటూ కూర్చోబోయింది.

కొండవ్వ ఆ కళ్ళలోకి చూస్తూనే, ఎదురుగా బతికి నిలబడి ఉండగానే, తరువాతి చరణం ఎత్తుకుంది.

"ఆపున్రి ఎవరన్న!" అంది ప్రమీలాదేవి. "పెద్దమనిషి, గుక్క తిప్పుకుంటలేదు. శైలజా, నువ్వు జవాబియ్యి!"

శైలజ అత్త పక్కన కూలబడింది. నోరు తెరిచింది. ఇరవై ఏళ్ళు వినీ ఆ రాగం ఆమెకు పట్టుబడలేదు. "నాకొస్తలేదు టీచరమ్మా," అని వెక్కిళ్ళు పెట్టింది. "నాకు రాదు."

ఆ ఇంట్లో అది వచ్చినది ఒక్కతే. అందరూ ఆమె వైపు తిరిగారు.

కొండవ్వ గుక్క నాలుగు ఆకుల లెక్క తప్పింది. రెండు మాటలకొకసారి తెగుతోంది. పెదవులు నల్లబడ్డాయి. ఇలాగే సాగితే ఆ ఊపిరి ఎంతసేపో లాస్యకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇందాక ఆ నెత్తి మీద పెట్టిన అరచెయ్యి ఇంకా వెచ్చగా ఉన్నట్టే ఉంది.

"ఒట్టు యాదికున్నదా?" అన్నాడు రమేశ్. మళ్ళీ మెల్లగా, మర్యాదగా. "నోరు తెరిస్తె మీ నాయినమ్మను నువ్వే చంపినట్టు. పది మంది సాక్షి."

లాస్య తండ్రిని చూసింది. ఇస్త్రీ చొక్కా, నుదుట చెరగని బొట్టు, గొళ్ళెం మీద ఇంకా తీయని చెయ్యి. వెళ్ళి నాయినమ్మకు ఎదురుగా నేల మీద కూర్చుంది. చెల్లాచెదురైన బీడీ ఆకులను పక్కకు జరిపింది. రిబ్బను లాగి, జడ పాయలు ఒక్కొక్కటే విప్పింది. వాకిట్లో ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

ఏడ్పుకు పోయినవాళ్ళ పేరొకటి కావాలి. పేరు లేనిదే ఏడ్పు నిలవదు. కొండవ్వ గుక్క తెగిన చోట లాస్య ఆ రాగం అందుకుంది. కళ్ళు మాత్రం గడపలో నిలబడ్డ మనిషి మీదే ఉన్నాయి.

"ఓ... నా బాపో..."